రంగం కూలీల లెక్క: రేటు కాదు, రోజులు చూడాలి



ధరల గురించి మాట్లాడుకున్న ఎపిసోడ్ తరవాత వచ్చిన వాయిస్ మెసేజ్ లలో ఎక్కువ ఒకే రకంగా ఉన్నాయి. విజిట్ మీద వచ్చి పని వెతుక్కుంటున్నవాళ్లు కొందరు. ప్రాజెక్టు అయిపోయి, కంపెనీ "కొత్త సైట్ వచ్చేదాకా ఆగండి" అంటే రూములో కూర్చున్నవాళ్లు కొందరు. బెడ్‌స్పేస్ అద్దె పెరిగింది, మెస్ డబ్బు పెరిగింది, ఊళ్లో తెచ్చిన అప్పుకి మూడు రూపాయల వడ్డీ నడుస్తోంది, చేతిలో పని లేదు. చివరికి అందరూ అడిగేది ఒకటే. "ఇది మన కాలంలోనే వచ్చిందా, ముందునుంచీ ఇంతేనా?"

ముందునుంచీ ఉంది. మన తాతలు, ముత్తాతలు ఇదే బాధ రంగూన్ లో పడ్డారు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు దాన్ని రంగం అంటాం. నేను ఐటీఐ చదివి వచ్చినవాణ్ణి, చరిత్ర పంతుల్ని కాదు. రోజూ టైమ్ షీట్లు రాసే పని నాది. అందుకని రాజుల సంగతి, గవర్నర్ల సంగతి పక్కన పెట్టి, కూలి లెక్క వైపునుంచే ఈ చరిత్ర చెప్తాను. ఎపిసోడ్ లో టైము చాలక వదిలేసినవి కూడా ఇక్కడ కలిపాను.

మనోళ్లు రంగం ఎందుకు వెళ్లారు

ఇంగ్లీషువాళ్లు మూడు యుద్ధాల్లో బర్మాని తీసుకున్నారు. 1824లో ఒకటి, 1852లో ఒకటి, 1885లో చివరిది. రెండో యుద్ధం తరవాత దిగువ బర్మా, అంటే ఐరావతి నది డెల్టా అంతా వాళ్ల చేతికొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. యూరప్ కి దారి దగ్గరైంది, బియ్యం ఎగుమతి ఒక్కసారిగా పెరిగింది. అడవులు కొట్టి పొలాలు చేశారు. రంగూన్ లో బియ్యం మిల్లులు, కర్ర మిల్లులు, రేవులు లేచాయి.

పొలం పని బర్మా రైతులు చేసుకున్నారు. మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి, ఓడల్లో సరుకు ఎక్కించి దించడానికి, రోడ్లు వెయ్యడానికి, రిక్షాలు లాగడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డునుంచి వెళ్లారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, ఇలాంటి రేవుల్లో స్టీమర్ ఎక్కి, డెక్ మీద కూర్చుని వెళ్లారు. కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి పేరు మీద, బర్మాలో తెలుగు కూలీలను 'కోరంగీలు' అన్నారు. ఊరి పేరు కాస్తా మనిషి పేరైంది. మెల్లగా అదే తిట్టు కూడా అయింది. ఇప్పుడు కొన్ని దేశాల్లో మన దేశం పేరునే తిట్టులా వాడేవాళ్లున్నారు కదా, అలాగే.

ఎంతమంది వెళ్లారో చూడండి. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. అందులో తెలుగువాళ్లు దగ్గరదగ్గర లక్షన్నర. రంగూన్ నగరం జనాభా 4 లక్షలైతే, అందులో 2 లక్షల 12 వేలకు పైగా భారతీయులే. అంటే సగానికి మించి. 1920ల చివర్లో ఏడాదికి 3 లక్షల మందికి పైగా ఇండియానుంచి బర్మాలో దిగేవారు. దాదాపు అంతమందీ మళ్లీ తిరిగొచ్చేవారు. రెండేళ్లు, మూడేళ్లు చేసి, ఇంటికొచ్చి, మళ్లీ వెళ్లడం. మనం రెండేళ్ల కాంట్రాక్ట్ అంటాం, వాళ్లకి కాంట్రాక్ట్ కాగితం లేదు. అంతే తేడా.

మేస్త్రి చేతిలో కూలి

మారిషస్, ఫిజీ, నాటాల్ వెళ్లినవాళ్లు గిర్మిట్ కాగితం మీద, అయిదేళ్ల ఒప్పందంతో వెళ్లారు. మలయాకి కంగాణీలు తీసుకెళ్లారు. బర్మాకి తీసుకెళ్లింది మేస్త్రి. ఈ మాట మనం సైట్ లో రోజూ వాడుతూనే ఉంటాం. కానీ రంగం మేస్త్రి అంటే తాపీ పట్టినవాడు కాదు, మనుషుల్ని సప్లై చేసినవాడు.

పని ఇలా జరిగేది. మేస్త్రి ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. స్టీమర్ టికెట్టు, దారి ఖర్చు, ఇంట్లోవాళ్లకి నాలుగు రూపాయలు, అన్నీ ఆ అడ్వాన్సులోనే. కూలీ వేలిముద్ర వేసేవాడు. రంగూన్ లో దిగాక మిల్లు యజమానికో, ఓడ కంపెనీకో ఈ కూలీతో నేరుగా సంబంధం ఉండదు. యజమాని కాంట్రాక్టరుకి డబ్బు ఇస్తాడు. కాంట్రాక్టరు హెడ్ మేస్త్రికి, హెడ్ మేస్త్రి కింది మేస్త్రికి, ఆయన గ్యాంగ్ మేస్త్రికి, చివరికి కూలీకి. ఒక్కో చెయ్యి దాటేటప్పుడు కొంత తగ్గుతుంది. అడ్వాన్సు కోత ఒకటి, తిండికి ఒకటి, ఉండే చోటుకి ఒకటి. చాలాచోట్ల ఉండే రూము కూడా మేస్త్రి చూపించిందే.

అడ్వాన్సు తీసుకుని పని మధ్యలో వదిలేస్తే ఏమవుతుంది? 1859లో ఇంగ్లీషు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అడ్వాన్సు తీసుకుని పని మానేస్తే అది నేరం, జైలు కూడా వెయ్యొచ్చు. ఆ చట్టం 1920ల మధ్యలో గానీ పోలేదు. అంటే అరవై ఏళ్లకు పైగా, కూలీ పని మారదామంటే అడ్డుగా నిలబడింది జీతం ఒక్కటే కాదు, పోలీసు కూడా. పాస్‌పోర్టు కంపెనీ లాకర్ లో పెట్టుకున్న రోజులు, ఎన్ఓసీ లేకపోతే ఇంకో కంపెనీకి మారలేని రోజులు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ముప్పై రోజుల అద్దె, పదిహేను రోజుల పని

రంగూన్ లో పని ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. డిసెంబరు, జనవరిలో కోత. జనవరినుంచి మేదాకా మిల్లులు, రేవు రెండూ హడావిడి. మే మధ్యలో వానలు మొదలవుతాయి, పని పల్చబడుతుంది. కొందరు ఊరికి వెళ్లిపోతారు. టికెట్టు డబ్బు లేనివాళ్లు, అప్పు తీరనివాళ్లు అక్కడే ఉండి రోజూ పొద్దున్నే పని కోసం నిలబడతారు.

రేవు కూలీకి జీతం నెలకి కాదు, రోజుకి. ఓడ వస్తే పని, లేకపోతే లేదు. కానీ తిండి రోజూ కావాలి, రూము నెలంతా కావాలి. ఆ రూములు ఎలా ఉండేవంటే, రేవు దగ్గరి ఇళ్లలో ఒక్కో గదిలో పట్టాల్సినదానికి ఎన్నో రెట్ల మంది. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు పడుకునేవాడు. మునిసిపాలిటీకి రూల్స్ ఉన్నాయి, మనిషికి ఇంత జాగా ఉండాలని. చెకింగ్ వచ్చినప్పుడే ఆ రూల్ గుర్తొచ్చేది. విల్లాలో గోడలు పెట్టి ఎనిమిది మందిని పన్నెండు మంది చేసిన రూములు చూసినవాళ్లకి అర్థమవుతుంది.

ఈ పరిస్థితి ప్రభుత్వానికి తెలియక కాదు. 1928లో బెన్నిసన్ అనే అధికారి రంగూన్ కార్మికుల బతుకు ఖర్చు మీద పెద్ద నివేదిక రాశాడు. బర్మీయులు, తెలుగులు, తమిళులు, ఒరియాలు, హిందుస్థానీలు, చిట్టగాంగ్ వాళ్లు అని విడివిడిగా లెక్క కట్టాడు. ఆ తరవాత 1929లో వేసిన రాయల్ కమిషన్, విట్లీ కమిషన్ అంటారు, బర్మా కూలీల సంగతి కూడా చూసి 1931లో రిపోర్టు ఇచ్చింది. అంటే మనోళ్ల తిండి, అద్దె, అప్పు, అన్నీ కాగితం మీదకి ఎక్కాయి. కాగితం మీద ఉన్నంత మాత్రాన కూలీ చేతికి ఒక్క అణా ఎక్కువ రాలేదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఉదాహరణకి నేను వేసుకున్న లెక్క. రోజు కూలి రూపాయి అనుకోండి. నెలలో 25 రోజులు పని దొరికితే 25 రూపాయలు. తిండికి, రూముకి 12 పోతే, 13 మిగులుతాయి. అడ్వాన్సుకి 5, ఇంటికి 8. ఇప్పుడు రేటు తగ్గలేదు, అదే రూపాయి. కానీ పని 15 రోజులే దొరికింది. వచ్చేది 15. తిండి, రూము అదే 12. మిగిలింది 3. అడ్వాన్సు కోతకే చాలదు, ఇంటికి సున్నా. బజారులో ఒక్క ధర పెరగలేదు, కూలి రేటు ఒక్క పైసా తగ్గలేదు. అయినా ఆ మనిషికి బతుకు భరించలేనంత ఖరీదైపోయింది.

పైగా పని తక్కువగా ఉన్నప్పుడు మనుషులు తక్కువ ఉండాలి కదా? మేస్త్రికి అలా కాదు. ఆయన ఆదాయం మనిషికింత. గ్యాంగ్ పెద్దదైతే ఆయనకే లాభం. వంద మంది చేసే పని నూటయాభై మందికి పంచితే యజమానికి నష్టం లేదు, మేస్త్రికి నష్టం లేదు. తగ్గేదల్లా ఒక్కో కూలీకి దొరికే రోజులే.

ధరలు పడ్డాయి, బతుకు ఖరీదైంది

1929 చివర్లో ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. 1930, 31 వచ్చేసరికి రంగూన్ లో వడ్ల ధర సగానికి పైగా పడిపోయింది. బియ్యం చవకైంది. కూలీకి మంచిదే కదా అనిపిస్తుంది. కానీ బియ్యం ధర పడితే మిల్లు ఆగుతుంది, ఓడలు తగ్గుతాయి. బియ్యం చవకగా ఉంది, కొనడానికి పని లేదు.

ఇంకో సంగతి. అప్పు ధర మాత్రం పడలేదు. వంద రూపాయల అప్పు వందగానే ఉంది. ముందు వంద రోజుల పనితో తీరేది ఇప్పుడు నూటయాభై, రెండువందల రోజులు పడుతుంది. ఇది తెలుగు కూలీ ఒక్కడికే కాదు, బర్మా రైతుకి కూడా అదే. చెట్టియార్ల దగ్గర భూమి తాకట్టు పెట్టి అప్పు చేసిన రైతు, వడ్లు అమ్మి వడ్డీ కూడా కట్టలేకపోయాడు. 1930లో దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 6 శాతం. 1938కి అది 25 శాతం. ఎనిమిదేళ్లలో నాలుగు రెట్లు. భూమి పోయిన రైతు ఏం చేస్తాడు? పట్నం వస్తాడు. రేవులో పని అడుగుతాడు. ఆ రేవులో అప్పటికే మనోళ్లు ఉన్నారు.

1930 మే నెల

మే 5 రాత్రి పెద్ద భూకంపం వచ్చింది. పెగూ పట్నం కూలిపోయింది, వందల మంది పోయారు. రంగూన్ లో కూడా ఇళ్లు పడ్డాయి. అదే రోజు ఇండియాలో గాంధీ గారిని అరెస్టు చేశారు. ఆ వారంలోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు.

ఓడల సరుకు చూసే కంపెనీలు ఏం చేశాయంటే, సమ్మె విరగ్గొట్టడానికి బర్మా కూలీలను పనిలోకి తీసుకున్నాయి. పని లేక తిరుగుతున్న వాళ్లకి అదే మొదటి అవకాశం. ఆశగా వచ్చారు. కొన్ని వారాలు చేశారు. తరవాత కంపెనీలు తెలుగువాళ్లతో రాజీపడ్డాయి. మే 26 పొద్దున్న తెలుగు గ్యాంగులు పనిలోకి దిగాయి. బర్మా కూలీలు కూడా ఎప్పట్లాగే పనికి వచ్చారు. ఇక రావద్దని వాళ్లకి ముందుగా సరిగ్గా ఎవరూ చెప్పలేదు. మాటా మాటా పెరిగింది, ఎగతాళి అయింది, కొట్లాట అయింది. కొన్ని గంటల్లో ఊరంతా పాకింది.

నాలుగైదు రోజులు తెలుగు కూలీలను వెతికి వెతికి కొట్టారు. ప్రభుత్వం చెప్పిన లెక్కలోనే 100 మందికి పైగా చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మనోళ్లు. వేల మంది పనులు వదిలి దాక్కున్నారు. రేవు ఆగింది. ఊడ్చేవాళ్లు, ఎత్తేవాళ్లు లేక నగరం కంపు కొట్టింది. తరవాత రేవు పనిలో బర్మీయులకూ వాటా ఇచ్చారు. ఆ వాటా మే 25నే తేల్చి ఉంటే ఎంతమంది బతికేవారో.

ఈ సంగతి చెప్పేటప్పుడు "బర్మావాళ్లు మనోళ్లని చంపారు" అని ఒక్క ముక్కలో ముగించడం తేలిక. నాకది చాలదు. ఆ పొద్దున్న రేవు గేటు దగ్గర నిలబడ్డ రెండు గుంపులూ అప్పులోనే ఉన్నాయి. ఒకరికి మేస్త్రి అప్పు, ఇంకొకరికి పొలం అప్పు. ఒక్క పనికి ఇద్దరిని పిలిచినవాడు ఆ గేటు దగ్గర లేడు, ఆఫీసులో ఉన్నాడు. గొడవంతా కింద జరిగింది.

ఆ తరవాత

1930 డిసెంబరులో సయా సాన్ నాయకత్వంలో బర్మా రైతుల తిరుగుబాటు వచ్చింది. 1937 ఏప్రిల్ 1న బర్మాని ఇండియానుంచి విడదీశారు. అంతవరకూ కూలీ ఒక జిల్లానుంచి ఇంకో జిల్లాకి వెళ్లినట్టు వెళ్లేవాడు. ఆ రోజునుంచి అది వేరే దేశం. 1938లో మళ్లీ అల్లర్లు. బాక్స్‌టర్ అనే అధికారి వలసల మీద విచారణ చేసి, భారతీయ కూలీలు బర్మీయుల పని లాక్కున్నారనడం కంటే, వాళ్లు చెయ్యని పనుల్లో చేరారనడమే సరి అని తేల్చాడు. కానీ అప్పటికే జనం మనసులో లెక్క వేరేగా ఉంది. 1941లో రెండు ప్రభుత్వాలు పర్మిట్లు, ఫీజులతో వలస ఒప్పందం చేసుకున్నాయి. అది అమలయ్యే లోపే యుద్ధం వచ్చింది.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలే ముందు చచ్చారు. లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి ఇండియాకి వచ్చారు. వేలకు వేలమంది దారిలోనే కలరాతో, మలేరియాతో, ఆకలితో పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక, 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక, చేతిలో ఏమీ లేకుండా ఓడ దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఇప్పటికీ ఉంది. ఆ పేరు వెనక ఉన్నది ఈ కథే.

ఇప్పటి లెక్క

అప్పటికీ ఇప్పటికీ మారినవి ఉన్నాయి, వాటిని తక్కువ చెయ్యకూడదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని రూల్ ఉంది. ఊళ్లో లక్ష, లక్షన్నర అడిగేవాడు మేస్త్రి వారసుడే. జీతం కంపెనీనుంచి నేరుగా మన అకౌంట్ లో పడాలని యూఏఈ 2009లో రూల్ పెట్టింది. తరవాత మిగతా దేశాలూ ఆ దారికే వచ్చాయి. రంగంలో నాలుగు చేతులు దాటి వచ్చిన కూలి గుర్తుంటే, ఈ రూల్ విలువ తెలుస్తుంది.

మారనివి కూడా ఉన్నాయి. 2018 జనవరి 1నుంచి యూఏఈ, సౌదీలో 5 శాతం వ్యాట్ వచ్చింది. 2020 జూలైనుంచి సౌదీలో అది 15 శాతం అయింది. మన బేసిక్ మాత్రం ఆ రోజు పెరగలేదు. సౌదీలో 2011నుంచి నితాకాత్ ఉంది, స్థానికులకు ఉద్యోగాలు ముందు అని. అది వాళ్ల దేశం, వాళ్ల పిల్లలకి పని కావాలనుకోవడం తప్పు కాదు. కానీ ఆ లెక్క పైన ఆఫీసుల్లో తేల్చకుండా కింద గేటు దగ్గర వదిలేస్తే ఏమవుతుందో 1930 మే చెప్పింది. సైట్ లో బంగ్లా తమ్ముడు, నేపాలీ తమ్ముడు, పాకిస్తాన్ అన్న తక్కువ జీతానికి వచ్చారని కోపం వచ్చినప్పుడు, ఆ రెండు గుంపుల్నీ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పని వెతుక్కునే తమ్ముళ్లకి ఈ చరిత్రలోంచి నేను తీసుకున్నది మూడు ప్రశ్నలు. ఎవరైనా "1,500 ఇస్తారు, రా" అంటే ఇవి అడగండి. ఒకటి, ఎన్ని రోజులకి? పని లేని రోజు జీతం ఉందా, లేదా? రెండు, కోతలు ఏమిటి? రూము, తిండి, బస్సు, ఇకామా, ఎవరి ఖర్చు? మూడు, డబ్బు ఎవరి చేతినుంచి వస్తుంది? వీసా ఇచ్చిన కంపెనీనుంచా, మధ్యలో సప్లై వాడినుంచా? ఈ మూడిటికీ కాగితం మీద జవాబు లేకపోతే, ఆ 1,500 అనేది అంకె మాత్రమే, జీతం కాదు. విజిట్ మీద పని చేయించేవాడి దగ్గర అసలు కాగితమే ఉండదు, దొరికితే జరిమానా, ఇంటికి పంపడం మన నెత్తినే పడుతుంది.

ఇప్పుడు రూములో పని లేకుండా ఉన్నవాళ్లకి ఒక మాట. మీ చేతకానితనం వల్ల ఇలా అయిందని ఇంట్లోవాళ్లు అన్నా, మీరే అనుకున్నా, అది లెక్కకి నిలబడదు. వంద మంది పనికి నూటయాభై మందిని దించితే యాభై మంది కూర్చోవాల్సిందే, వాళ్లెంత పనివాళ్లైనా. రోజులు లెక్క రాసుకోండి, వచ్చింది, పోయింది రాసుకోండి, ఇంటికి నిజం చెప్పండి. ఇంట్లో లెక్క తెలిస్తే కొత్త అప్పు ఆగుతుంది.

మీ ఇంట్లో రంగం వెళ్లొచ్చిన తాతలు, ముత్తాతలు ఉంటే, వాళ్ల గురించి విన్నది ఏదైనా సరే, స్టీమర్ సంగతి, నడిచొచ్చిన సంగతి, పంపిన మనియార్డరు సంగతి, వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు లేకుండా వచ్చే ఎపిసోడ్ లో వినిపిస్తాం. ఉంటానండి.